బ్లేడు ఎత్తిన చోటు

"దొరికింది సార్!" కుంటలోంచి తల పైకెత్తి కేకేశాడు గజ ఈతగాడు.

గట్టు మీద ఉన్నవాళ్లకి గుండె ఆగినంత పనైంది. ఆర్చీ ట్రౌటన్ టోపీ తీసి చేత్తో నలిపేస్తున్నాడు. సిడ్నీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ హాల్‌స్టెడ్ మాత్రం నల్ల బూట్లకు బురద అంటకుండా ఒకడుగు ముందుకేసి, "లాగండి" అన్నాడు.

తాడు లాగారు. నీళ్లు కార్చుకుంటూ ఒక ఫ్రిజ్జు బయటికొచ్చింది.

"ఓర్నీ, మా పాత ఫ్రిజ్జు!" ఆర్చీ ముఖం వెలిగిపోయింది. "పెద్ద వరదకి కొట్టుకుపోయిందనుకున్నాం కదా! ఎడ్నాకి చెప్తే..." చెప్పడానికి ఎడ్నా లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు, తిరగేసి.

కంచె మీద కూర్చుని ఇదంతా చూస్తున్న డిటెక్టివ్ లోర్నా క్విల్టీకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆమెది పోలీసు శాఖలో పశువుల దొంగతనాలు పట్టే విభాగం. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. తప్పిపోయింది గొర్రె కాదు కాబట్టి నీకిక్కడ పని లేదని హాల్‌స్టెడ్ పొద్దున్నే చెప్పేశాడు. ఆమె వినిపించుకోలేదు.

తప్పిపోయింది ఎడ్నా. ఆర్చీ భార్య, వాండిల్లా షైర్ అనే చిన్న జిల్లాకి కౌన్సిల్ ప్రెసిడెంటు. శనివారం పొద్దుగూకే వేళ ఎవరో ముక్కు పట్టుకుని మాట్లాడుతున్న గొంతుతో ఫోన్ చేసి, మీ దూడలు బరగూల్ రోడ్డెక్కాయన్నారు. పికప్ వేసుకుని బయల్దేరింది. అంతే. మనిషీ లేదు, బండీ లేదు, బండి వెనక ఎక్కిన కుక్కా లేదు. దూడలు మాత్రం దొడ్లోనే ఉన్నాయి.

ఇవాళ సోమవారం. మధ్యాహ్నం రెండింటికి కౌన్సిల్ సమావేశం. వాండిల్లాని పక్కనున్న బరగూల్ షైర్‌లో కలిపేయాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. కలిపితే ఆఫీసూ, లైబ్రరీ, రోడ్ల పనీ అన్నీ గంటన్నర ప్రయాణం అవతలున్న బరగూల్‌కి తరలిపోతాయి. ఎడ్నా ఉంటే వద్దనేవాళ్లు ఐదుగురు, కావాలనేవాళ్లు నలుగురు. ఆమె లేకపోతే అటు నలుగురు, ఇటు నలుగురు. అప్పుడు తేల్చే ఓటు కుర్చీలో కూర్చునే డిప్యూటీది. డిప్యూటీ గారు కావాలనే పక్షం.

ఆ డిప్యూటీ క్లైవ్ పెటిగ్రూ స్వయంగా పళ్లెం పట్టుకుని ఈతగాళ్లకి శాండ్‌విచ్‌లు పంచుతున్నాడు. పొట్టిగా, గుండ్రంగా, అందరికీ కావలసినవాడిలా ఉంటాడు. కుర్రతనంలో షైర్ గ్రేడర్, అంటే మట్టి రోడ్డుని బ్లేడుతో గీకి చదును చేసే యంత్రం, తోలాడు. ఎన్నికలప్పుడు ఊరంతా అంటించిన పోస్టర్ల మీద అదే రాయించుకున్నాడు: 'గ్రేడర్ సీటు నుంచి కౌన్సిల్ సీటు దాకా!'

"తీసుకో లోర్నా. మటన్, బీట్‌రూట్" అన్నాడు దగ్గరకొచ్చి. "పాపం ఎడ్నా! మనసు మనసులో లేదనుకో. కానీ ఏం చేస్తాం, మీటింగు వాయిదా వేస్తే చట్టం ఒప్పుకోదు."

"నడుం ఎలా ఉంది?"

"ఇవాళ ఫర్వాలేదు. నిన్న లేవలేకపోయాననుకో."

అటు హాల్‌స్టెడ్ ఆర్చీని పట్టుకున్నాడు.

"శనివారం మధ్యాహ్నం క్లబ్బులో అందరి ముందూ నీ భార్యని కుంటలో ముంచేస్తానన్నావా?"

"అన్నాను సార్."

"ఒప్పుకుంటున్నావా!"

"పెళ్లైనప్పట్నుంచీ అంటూనే ఉన్నాను. ఆవిడేమో నన్ను గొర్రెల మందు తొట్లో ముంచుతానంటుంది. ఇద్దరం ఇంకా పొడిగానే ఉన్నాం."

ఈతగాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. హాల్‌స్టెడ్ నవ్వలేదు.

"ఈ పొలంలోంచి బయటికి రెండే దారులు. ఊళ్లోకి వెళ్తే పెట్రోలు బంకు కెమెరాలో పడాలి. పడలేదు. రెండోది బరగూల్ మట్టి రోడ్డు. తెల్లారగానే నేనే చూశాను. ఒక్క టైరు చార లేదు. అంటే బండి పొలం దాటలేదు. నీళ్లలోనే ఉంది. రెండింటిలోగా ఆ బండి ఎక్కడుందో నువ్వే చెప్తే నీకే మంచిది. లేకపోతే మీటింగులోనే బేడీలు వేస్తా. టీవీ వాళ్లు కూడా ఉంటారు."

"అమ్మాయ్ లోర్నా!" ఆర్చీ ఆమె వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా ఈయనకి. ఆవిడ లేకపోతే నాకు గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు. నేనెందుకు చంపుకుంటాను?"

లోర్నా కంచె దిగింది. చిన్నప్పుడు ఈ కుంటలోనే ఆర్చీ ఆమెకి ఈత నేర్పాడు.

"బాబాయ్, పిన్ని బండి టైర్లు ఎలాంటివి?"

"మూడు ఒక జాతివి. కుడివైపు వెనకది వేరు. ఆ మూడింటికీ సవతి."

"ఇన్‌స్పెక్టర్ గారూ, రోడ్డు మీద ఒక్క చారా లేదా? ఎవరిదీ?"

"ఎవరిదీ లేదు. శుభ్రంగా ఉంది."

"శనివారం సాయంత్రం టపా బండి అటు వెళ్లింది. నేనే చెయ్యూపాను. మరి దాని చారలేవి?"

హాల్‌స్టెడ్ బూటు మీద దుమ్ము దులిపాడు. "గాలికి పోయుంటాయి" అన్నాడు.

"మా గాలికి అంత ఓపిక లేదు సార్" అని లోర్నా జీపెక్కింది.

*

షైర్ డిపోలో గ్రేడర్ డ్రైవరు స్నోయీ ఆరడుగుల పైన మరో బెత్తెడు ఉన్న మనిషి. లోర్నా వెళ్లేసరికి సీటు కింద బోల్టుతో కుస్తీ పడుతున్నాడు.

"నిన్న ఆదివారం బరగూల్ రోడ్డు గీకావా?"

స్నోయీ చేతిలో స్పానర్ కిందపడింది. "ఆదివారమా? ఫుట్‌బాల్ ఫైనల్ వదులుకుని రోడ్డు గీకడానికి నాకేమన్నా పిచ్చా? ఊరు ఊరంతా పోయాం. కుక్కల్ని కూడా తీసుకెళ్లాం."

"ఊరంతానా?"

"ఆర్చీ బాబాయి ఇంట్లో ఫోను ముందు కూర్చున్నాడు, ఆవిడ చేస్తుందేమోనని. క్లైవ్ గారికి నడుం పట్టేసిందట. ఇంకెవరూ మిగల్లేదు. అది సరే, రోడ్డు గీకానని ఎవరన్నారు?"

"రోడ్డే అంది. గ్రేడర్ తాళం ఎక్కడుంటుంది?"

"ఎప్పుడూ ఉండేచోటే. సీటు వెనక."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"తెలియనివాళ్లని అడుగు, తొందరగా తేలుతుంది."

"సీటుకేమైంది?"

స్నోయీకి అసలు కష్టం చెప్పుకునే అవకాశం దొరికింది. "చూడమ్మా! పొద్దున ఎక్కానా, మోకాళ్లు వచ్చి గడ్డానికి కొట్టుకున్నాయి. ఎవడో వెధవ సీటు ముందుకి జరిపాడు. ఇది జరపాలంటే అరగంట పని. పోనీ పోలీసు రిపోర్టు ఇద్దామంటే, సీటు జరిపాడని కేసు పెడతారా?"

"పెడతాను" అంది లోర్నా. "ఇంకొక్కటి. ఆ రోడ్డు నువ్వు ఎంతవరకు గీకుతావు?"

"బోర్డు దాకా. 'బరగూల్ షైర్‌కు స్వాగతం' అని ఉంటుందే, అక్కడ బ్లేడు ఎత్తేస్తా."

"ఒక అడుగు అవతలికి పోతే?"

"ఎందుకు పోవాలి?" నిజంగానే ఆశ్చర్యపోయాడు స్నోయీ. "వాళ్ల గతుకులు వాళ్లవి. వాళ్ల డ్రైవరు మాత్రం మనకి ఒక్క అడుగు గీకి పెట్టాడా? వాళ్ల రోడ్డు ఉచితంగా గీకానని తెలిస్తే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

*

బరగూల్ రోడ్డు మీద జీపు జారినట్టు పోయింది. అటూ ఇటూ గోధుమ మోళ్లు, మధ్యలో దువ్వినట్టున్న ఎర్రమట్టి. వెనకే హాల్‌స్టెడ్ నల్ల కారు. ఆమెని ఒంటరిగా వదలడం ఇష్టంలేక వచ్చాడో, తప్పు పడదామని వచ్చాడో గానీ, కారు దిగుతూనే మొదలెట్టాడు.

"దుమ్ము చదవడం కూడా మీ ఉద్యోగంలో భాగమేనా?"

"గొర్రెలు స్టేట్‌మెంట్లు ఇవ్వవు సార్. అలవాటైపోయింది."

"చూసేదేముంది? రోడ్డు నున్నగా ఉంది."

"మా రోడ్డు ఎప్పుడూ ఇంత నున్నగా ఉండదు. మా షైర్‌కి అంత స్తోమత లేదు. నిన్న ఎవరో పనిగట్టుకుని గీకారు. ఎందుకంటారు?"

హాల్‌స్టెడ్ తెలివితక్కువవాడు కాదు. "చారలు చెరపడానికి" అన్నాడు, పంటి నొప్పితో మాట్లాడినట్టు.

లోర్నా తలూపి ముందుకు నడిచింది. దూరంగా ఆకుపచ్చ బోర్డు కనిపిస్తోంది. దాన్ని చేరకముందే నున్నటి మట్టి ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా సన్నటి మట్టి కట్ట. గ్రేడర్ బ్లేడు పైకెత్తినప్పుడు మిగిలేది అదే. దానికి అవతల గతుకులు, పాత దుమ్ము, ఆ దుమ్ము మీద టైరు చారలు. టపా బండివి, దాని మీదుగా ఇంకేవో బండ్లవి. వాటిలో ఒక బండి కుడివైపు వెనక టైరు మిగతా మూడింటితో కలవలేదు.

"సవతి" అంది లోర్నా. ఎడ్నా బండి కుంటలో లేదు. ఈ దారినే వెళ్లింది. ఆర్చీ బాబాయి ఏ పాపం ఎరగడు.

హాల్‌స్టెడ్ కూడా వంగి చూశాడు. "ఆ బండిని ఆర్చీయే తోలుకొచ్చి దాచి, తర్వాత రోడ్డు గీకి ఉండొచ్చుగా?"

"ఆర్చీ బాబాయికి ట్రాక్టరు రివర్సు చేయడమే రాదు. ఫ్రిజ్జు కుంటలోకి ఎలా వెళ్లిందనుకున్నారు, నిజంగా వరదకేనా? సరే, అది వదిలేయండి. ఇటు చూడండి." మట్టి కట్టకి సరిగ్గా పక్కన, ఎండుగడ్డిలో, పాత యూకలిప్టస్ మొద్దు ఒకటుంది. లోర్నా గడ్డి తప్పించింది. మొద్దు మీద ఉలితో చెక్కిన గుర్తు, సగం చెద తినేసింది. "ఇదీ సరిహద్దు. మొదట్లో సర్వే వాళ్లు పెట్టింది. నేను బళ్లో చదివేటప్పుడు బోర్డు దీనికే కొట్టి ఉండేది. ఓసారి గోధుమల లారీ గుద్దితే బోర్డు విరిగిపోయింది. కొత్త బోర్డు పాతడానికి ఇక్కడ నేల రాయిలా ఉందని, మెత్తగా ఉన్నచోట, అదిగో అంత దూరంలో పాతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకి సరిహద్దంటే బోర్డే. స్నోయీ ఆ తర్వాత వచ్చినవాడే. అతను బోర్డు దగ్గర బ్లేడు ఎత్తుతాడు."

"అయితే?"

"నిన్న గ్రేడర్ తోలినవాడు మొద్దు కాలం వాడు సార్, బోర్డు కాలం వాడు కాదు. పైగా పొట్టివాడు. ఊరంతా మ్యాచికి పోతే ఊళ్లో మిగిలినవాడు."

హాల్‌స్టెడ్‌కి ఎవరో అర్థమైంది. పకపకా నవ్వాడు. "డిప్యూటీ ప్రెసిడెంటా! ఇంత పథకం వేసినవాడు ఇంకో నాలుగు నిమిషాలు గీకి ఈ చారలు కూడా చెరపలేడా? ఇక్కడెందుకు ఆపుతాడు?"

"ఆపకుండా ఉండలేడు."

"ఎందుకని?"

"అవతలిది బరగూల్ షైర్ కదా" అంది లోర్నా, పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినట్టు. "మనిషిని ఎత్తుకుపోవడం వేరు. పరాయి షైర్ రోడ్డు ఊరికే గీకడం వేరు. చెయ్యి దానంతటదే బ్లేడు ఎత్తేస్తుంది."

"అద్భుతం! ఈ మాట జడ్జి గారికి చెప్పండి. చెయ్యి దానంతటదే ఎత్తేసిందట! మిస్ క్విల్టీ, నాకు సాక్ష్యం కావాలి, చెద తిన్న మొద్దు కాదు. రెండింటికి హాల్లో ఉంటాను, బేడీలతో." నల్ల కారు దుమ్ముకొట్టుకుని ఎర్రగా మారి వెనక్కి వెళ్లిపోయింది.

అతని మాటలో పాయింటు ఉంది. అదే లోర్నాకి ఒళ్లు మంట పుట్టించింది. సవతి టైరు చారనే పట్టుకుని జీపుని ముందుకు పోనిచ్చింది. ఫోనుకి సిగ్నల్ లేదు. చార ఒక పాడుబడ్డ గొర్రెల దొడ్డి వైపు తిరిగింది. అక్కడ ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించిన రేకుల షెడ్డు ఒకటుంది, బండి పట్టేంత తలుపుతో. జీపు ఆగీ ఆగకముందే లోపల కుక్క మొరిగింది.

తలుపుకి బయట కొత్త తాళం.

"పిన్నీ!" లోర్నా అరిచింది. "పిన్నీ, బతికే ఉన్నావా?"

"బతక్క చస్తానా?" లోపల్నుంచి ఎడ్నా గొంతు. "టీ తెచ్చావా? ఆ దరిద్రుడు ఫ్లాస్కులో చక్కెర వేసిచ్చాడు. నాకు చక్కెర పడదని ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు!"

లోర్నాకి కళ్లనీళ్లు తిరిగాయి. దొంగ గొర్రెల దొడ్ల తాళాలు తెంచే కత్తెర జీపులో ఎప్పుడూ ఉంటుంది. ఒక్క నొక్కుకి తాళం ఊడింది. లోపల మంచం, దుప్పటి, నీళ్ల డబ్బా, మూలన, గడపలో ఎవరో పరిచిన మేకులు దిగి మూడు చక్రాలకు గాలి పోయిన పికప్. ఎడ్నా పేకముక్కలు పరుచుకుని కుక్కతో ఆడుతోంది. ఆమె లెక్క ప్రకారం కుక్కే గెలుస్తోంది.

"రేకుల షెడ్డులో దూడ అరుస్తున్నట్టుంటే బండితో సహా లోపలికొచ్చాను. వెనక నుంచి తలుపు పడింది. నిన్న కిటికీ సందులోంచి తిండి తోశాడు. ఒక్క మాట మాట్లాడలేదు."

"మాట్లాడితే గుర్తుపడతావని. ఏం తిండి?"

"మటన్, బీట్‌రూట్ శాండ్‌విచ్."

లోర్నా నవ్వింది. మొద్దు సంగతీ, సీటు సంగతీ చెప్పింది. ఎడ్నా అంతా విని పెదవి విరిచింది.

"క్లైవే. అనుమానం లేదు. కానీ శాండ్‌విచ్‌లు క్లైవ్ భార్య చేస్తుంది, ఊరంతా తింటుంది. సీటు ఎవడైనా జరపొచ్చు. మొద్దు కోర్టుకి రాదు. ఎలా పట్టుకుంటావే?"

"పిన్నీ, ఓటింగుకి ముందు ఊళ్లోవాళ్లు ప్రశ్నలు అడగొచ్చు కదా?"

"అడగొచ్చు. ఆ రూలు పెట్టించిందే నేను."

"అయితే నువ్వు వసారాలో నిలబడు. నేను పిలిచేదాకా రాకు. కుక్కని పట్టుకో."

*

హాలు కిటకిటలాడుతోంది. లోర్నా లోపల అడుగుపెట్టేసరికి గడియారం రెండు దాటింది. ప్రెసిడెంటు కుర్చీలో క్లైవ్, కాళ్లు నేలకి అందక వేలాడుతున్నాయి. వెనక వరసలో ఆర్చీ, అతని పక్కనే హాల్‌స్టెడ్. ఒడిలో బేడీలు.

"మన ప్రియతమ ఎడ్నా లేని లోటు తీరనిది" అంటున్నాడు క్లైవ్. "అయినా కర్తవ్యం తప్పదు. ఎన్నాళ్లీ మన షైర్, వాళ్ల షైర్ అనే కుళ్లు? బరగూల్ వాళ్లు మన అన్నదమ్ములు. గీతలు చెరిపేద్దాం. ప్రజల ప్రశ్నలేమైనా..."

"నాదొకటి" లోర్నా చెయ్యెత్తింది. "నిన్న ఆదివారం మన గ్రేడర్ బరగూల్ రోడ్డు గీకింది. ఎవరు పంపారు?"

గుసగుసలు లేచాయి. క్లైవ్ చిరునవ్వు చెదరనివ్వలేదు. "నాకు తెలియదమ్మా. కనుక్కుంటాను."

"కనుక్కోండి. ఎందుకంటే ఎవరో గాని మన డీజిల్ పోసి, మన సరిహద్దు దాటి, బరగూల్ వాళ్ల రోడ్డు కూడా గీకి పెట్టారు. వాళ్ల బోర్డు దాటి, వాళ్ల మలుపు దాకా. అద్దంలా ఉంది. ఉచితంగా!"

హాలు మీద పిడుగు పడినట్టైంది.

"వాళ్ల మలుపు దాకానా?"

"మా ఇంటి ముందు గొయ్యి పూడ్చమంటే మూడేళ్లు పట్టింది!"

స్నోయీ బెంచీ ఎక్కాడు. "నేను కాదు! నాకు సిగ్గూ శరం ఉన్నాయి! ఎవడో బ్లేడు ఎత్తడం రాని చవట!"

"అదే నేనూ అనుకున్నాను" అంది లోర్నా, క్లైవ్ కళ్లలోకి చూస్తూ. "సరిహద్దెక్కడో తెలియని పిల్లకుంక ఎవడో తోలినట్టున్నాడు. పాతకాలం డ్రైవర్లయితే అలా చేస్తారా? పాపం, పని చేతగాని వెధవ."

క్లైవ్ మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు చెవులకెక్కింది. పెదాలు బిగబట్టుకున్నాడు.

"ఎవడ్రా వాడు, బరగూల్ బానిస!" అని అరిచారు ఎవరో.

అంతే. క్లైవ్ బల్ల గుద్ది లేచాడు.

"ఎవడ్రా చేతగానివాడు? మొద్దు దగ్గరే ఎత్తాను! సరిగ్గా మొద్దు దగ్గర! ఆ దగుల్బాజీలకి నేను వెంట్రుకవాసి రోడ్డు గీకి పెడతానా? వెళ్లి చూసుకోండి!"

తానేమన్నాడో క్లైవ్‌కి తన చెవులతోనే తెలిసింది. మెల్లగా కూర్చున్నాడు.

"చూశాను క్లైవ్" అంది లోర్నా, కాస్త జాలిగానే. "మొద్దు దగ్గరే ఎత్తావు. నీ పనిలో వంక లేదు. అక్కణ్నుంచే ఎడ్నా బండి చారలు మొదలయ్యాయి."

హాల్‌స్టెడ్ లేచాడు. చేతిలోని బేడీల వంకా ఆర్చీ వంకా చూసి, నల్ల బూట్లు టకటకలాడించుకుంటూ కుర్చీ వైపు నడిచాడు. లోర్నాని దాటుతూ, "చెయ్యి దానంతటదే ఎత్తేస్తుందన్నమాట" అని గొణిగాడు.

"పిన్నీ, రా!"

ముందు కుక్క వచ్చింది. వెనకే ఎడ్నా, జుట్టంతా గడ్డిపరకలతో. "దిగు క్లైవ్, అది నా కుర్చీ. నా ఓటూ ఇంకా నా దగ్గరే ఉంది" అంది.

హాలంతా లేచి అరుస్తోంది. ఆ గోలలో ఆర్చీ బెంచీలు దాటుకుంటూ, స్నోయీ కాలు తొక్కుకుంటూ, ఆమె దాకా వెళ్లాడు. రెండు చేతుల్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఎడ్నా" అన్నాడు చివరికి, "మన ఫ్రిజ్జు దొరికిందే!"